బావగారి సైకిలుకి దాచిపెట్టిన పళ్ళచక్రం

ఆ సందులో అందరూ అతన్ని పళ్ళ డాక్టరనే పిలుస్తారు. నోట్లో పళ్ళ సంగతి అతనికి అక్కర్లేదు, పెడళ్ళ దగ్గర తిరిగే పళ్ళచక్రాలకే అతను డాక్టరు. సైకిలు గుమ్మంలోకి రాగానే ముందు మనిషి కాళ్ళ వంక చూస్తాడు, తర్వాత చక్రానికి ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెడతాడు. పళ్ళు ఎక్కువైతే చదును రోడ్డు మీద దూసుకుపోవచ్చు గానీ, ఎత్తు ఎక్కేటప్పుడు మోకాళ్ళకి ప్రాణం మీదికొస్తుంది. ఎవరికేది సరిపోతుందో ముఖాన చెప్పేయడం అతని అలవాటు. "ఈ చక్రానికి మీ పొట్ట ఎక్కువైంది సార్, రెండిట్లో ఒకటి తగ్గించండి" అని ఓ బ్యాంకు మేనేజరుతోనే అన్నాడు.

అలాంటివాడు సొంత బావ దగ్గరికొచ్చేసరికి నోరు కుట్టేసుకున్నాడు.

బావంటే అక్క మొగుడు. వయసులో ఉండగా సైకిలు పందేలు గెలిచినాయన. పోయినేడు మోకాలికి ఆపరేషనైంది. ఆదివారం పాత జట్టువాళ్ళంతా కొండెక్కుతున్నారని తెలిసి, సైకిలు తెచ్చి షాపు గోడకి ఆనించాడు.

"బ్రేకులు చూడు, చెయినుకి నూనె వెయ్యి. నా యాభైమూడు పళ్ళ చక్రం జోలికెళ్ళావో, ఊరుకోను బామ్మర్దీ! మా పక్కింటి గుమాస్తా యాభై పెట్టించుకున్నాడు. తొక్కుతుంటే కుట్టుమిషను మీద కూచున్నట్టున్నాడు."

"అలాగే బావా" అన్నాడు పళ్ళ డాక్టరు.

ఆయనలా వెళ్ళాడో లేదో, అక్క వచ్చింది. "ఒరేయ్, ఆ మోకాలు ఇంకోసారి తిరగబడితే ఇక చేతికర్రేనన్నాడు డాక్టరు. ఎత్తులో తేలిగ్గా ఉండేది పెట్టరా. ఆయనకి తెలియకూడదు. నేను చెప్పానని అసలే తెలియకూడదు."

పెడళ్ళ దగ్గర చక్రాలు రెండుంటాయి. బయటిది పెద్దది, చదునుకి. లోపలిది చిన్నది, ఎత్తుకి. బావ సైకిలుకి లోపల ముప్ఫైతొమ్మిది పళ్ళున్నాయి. అతను బయటి యాభైమూడుని కదపకుండా, లోపల మాత్రం ముప్ఫైనాలుగు బిగించాడు. పరువు బయట, మోకాలు లోపల. ఎవరి మాటా తీసెయ్యలేదనుకున్నాడు.

కానీ మనసు పీకుతూనే ఉంది. చెయినుని ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి నెట్టే మీట పదహారు పళ్ళ తేడా వరకే ఓర్చుకుంటుంది. ఇక్కడ తేడా పందొమ్మిది. ఇంకెవరైనా ఈ పని చేసుంటే తనే చెవి మెలిపెట్టేవాడు. మీటని సవరించి, సైకిలుని స్టాండుకెత్తి, చేత్తో ఇరవైసార్లు తిప్పిచూశాడు. ఇరవైసార్లూ చెయిను చక్కగా దిగింది. చేత్తో తిప్పడం వేరు, మనిషి బరువు పడడం వేరు. మామూలుగా ఎవరి సైకిలైనా, వాళ్ళ చేత సందు చివరి ఎత్తు ఎక్కించి చూడందే ఇవ్వడు. బావని ఎక్కిస్తే? కాలికి తేలిగ్గా తగిలిన మరుక్షణమే గుట్టు రట్టవుతుంది. అందుకని ఎక్కించలేదు.

ఆదివారం పొద్దున్నే వెళ్ళి కొండ మొదట్లో నిలబడ్డాడు. జట్టులో మూడోవాడిగా వచ్చాడు బావ. బామ్మర్దిని చూసి కన్నుకొట్టి, లోపలి చక్రానికి గేరు మార్చాడు. చెయిను ముప్ఫైనాలుగు మీద ఆగలేదు. దాన్ని దాటి లోపలికి జారిపోయింది. బలమంతా పెట్టి తొక్కుతున్న కాలికింద పెడలు ఖాళీగా గిర్రున తిరిగింది. సైకిలు ఒకవైపు, మనిషి ఒకవైపు.

పరిగెత్తుకెళ్ళేసరికి బావ మోకాలు పట్టుకుని కూర్చునున్నాడు. కళ్ళు మాత్రం సైకిలు మీదే ఉన్నాయి.

"లోపలున్నది నాది కాదే. ఎన్ని పళ్ళు?"

"ముప్ఫైనాలుగు బావా."

"ఎవరు పెట్టమన్నారు?"

అక్క మొహం కళ్ళముందు కదిలింది. "నేనే పెట్టాను."

"చెప్పుంటే ఏం చేసేవాణ్ణిరా? నాలుగు తిట్లు తిట్టేవాణ్ణి. ఊళ్ళో అందరి చేతా తిట్లు తింటావు, నావే చేదా?"

కర్ర తప్పలేదు. కొన్నాళ్ళేనని డాక్టరన్నాడు, ఎన్నాళ్ళో చెప్పలేదు.

నెల తిరిగాక బావ సైకిలు ఎదురు షాపులో వేలాడుతూ కనిపించింది. ఆ షాపతను స్పానరు అడగడానికొచ్చి తనే చెప్పాడు. "మీ బావగారు బంగారంలాంటి మనిషండీ. యాభై, ముప్ఫైనాలుగు పెట్టుకోండి, రేపు మోకాలు కుదుటపడ్డా ఇదే మేలన్నాను. సరేనయ్యా అనేశారు. ఎదురు మాట లేదు."

పళ్ళ డాక్టరు స్పానరిచ్చి పంపేశాడు.

సాయంత్రం అక్క వచ్చింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నేను చెప్పానని అనలేదు కదా?"

"లేదక్కా."

హమ్మయ్యనుకుంటూ బల్లమీద కూర్చుంది. ఎదురు షాపు వంక చూసి నిట్టూర్చింది.

"ఏమైనా నీదే తప్పురా తమ్ముడూ. ఆయనకి ముందే ఒక్క ముక్క చెప్పుండాల్సింది."