నీలం వేళ్ల సొరకాయ

పీయూసీలో మాకొక కన్నడ కథ పాఠంగా ఉండేది. అందులో ఒక పేద పిల్లవాడు, ఇటుకలు మోస్తున్న తల్లిని స్నేహితుల ముందు ఎరగనంటాడు. తర్వాత తల్లి చనిపోతుంది. వాడు ఏడుస్తాడు. 'పిల్లవాడి పశ్చాత్తాపాన్ని వివరించండి' అని ప్రశ్న. గైడులో పన్నెండు వరుసల జవాబు ఉంది. మూడో వరుసకు వచ్చేసరికి నాకు లేచి నీళ్లు తాగాలనిపించేది. ఆ వారం చాలా నీళ్లు తాగాను.

నా వ్యవహారం అంతకు నాలుగేళ్ల ముందుది. అందులో ఇటుకలు లేవు, సొరకాయ ఉంది.

బళ్ళారిలో మైనింగు జోరుమీదున్న రోజులు. గోడలు, చెట్లు, కోళ్లు, అన్నిటిదీ ఒకటే ఎరుపు. మా నాయన ఖనిజం లారీ తోలేవాడు. అమ్మ జీన్స్ ఉతికే యూనిట్లో పనిచేసేది. రంగునీళ్లకు ఆమె చేతులు మోచేతుల దాకా నీలం.

ఆ ఏడు కోత పండుగ నాటికి నాయన రేవుకు పోయి నెల దాటింది. కబురు లేదు. లారీ యజమానిని అడిగితే "వస్తాడప్పా, సుమ్నే ఉండండి" అని నోరు మూయించేవాడు. అమ్మ రోజూ చెత్త పారేసే నెపంతో వీధి చివరిదాకా పోయి చూసి వచ్చేది. మా ఇంట్లో అంత చెత్త పుట్టేది కాదు.

మా చర్చి సంఘంలో కోత పండుగకు ప్రతి ఇంటివాళ్లూ ఏదో ఒకటి తెచ్చి బల్లమీద పెడతారు. వేలం పాడే పెద్దాయన ఒక్కొక్కటే ఎత్తి "ఎవరిది?" అంటాడు. ఆ ఇంటివాళ్లు లేచి నిలబడి తమ అక్కర చెప్పాలి. పాస్టరు అయ్యగారు దానికోసం ప్రార్థన చేశాకే వేలంపాట మొదలు. లేవకపోతే ప్రార్థన లేదు.

పండుగ ఆదివారం అమ్మకు సెలవివ్వలేదు. డ్యూటీ నుంచి మధ్యలో పరుగున వచ్చి, పందిరిమీది సొరకాయ కోసి, కడిగి నా చేతికిచ్చింది.

"మీ నాయన క్షేమంగా రావల్లని అడగమను. మర్చిపోవద్దు."

"నేనేమన్నా చిన్నపిల్లోన్నా?"

చిన్నపిల్లవాడినే. పైగా దారిలో చూసుకుంటే సొరకాయమీద ఐదు నీలం వేలిముద్రలున్నాయి. చొక్కాతో రుద్దాను. చొక్కాకీ అంటింది.

బల్లమీద డబ్బా విప్పని మిక్సీ, సెల్‌ఫోను, బల్లకోడుకు కట్టిన పొట్టేలు ఉన్నాయి. నా పక్కన నాలుగు లారీల వాళ్ల కొడుకు, నా క్లాసువాడే. పెద్దాయన సొరకాయ ఎత్తాడు.

"ఇదేందప్పా, సొరకాయకు గోరింటాకు పెట్టినారు?"

"లేదన్నా, జీన్స్ ఏసుకోని వచ్చిండాది," అన్నారెవరో.

అందరూ నవ్వారు. హాస్యం బాగానే ఉంది, నేనూ నవ్వాను.

"మీదేనేంరా?" అన్నాడు పక్కవాడు.

"మాది కాదప్పా."

పెద్దాయన మూడుసార్లు అడిగి, ప్రార్థన లేకుండానే పాట ముగించాడు.

సాయంత్రం అమ్మ అడిగింది. "నిలబడితివా?"

"నిలబడినా."

"అయ్యగారు మీ నాయన పేరు చెప్పినాడా?"

"రెండుసార్లు చెప్పినాడు," అన్నాను. అబద్ధమాడేటప్పుడు పిసినారితనం దేనికని.

మూడోనాడు నాయన వచ్చేశాడు. ఘాట్‌లో లారీ చెడిపోయిందట. ఆ తర్వాతి ఆదివారం అమ్మ లేచి సాక్ష్యం చెప్పింది: "ఆ పొద్దు మీరంతా ప్రార్థన చేసినారు, ఆయప్ప వచ్చినాడు." సంఘమంతా ఆమెన్ అంది. ఎప్పుడు చేశామని ఒక్కరూ అడగలేదు. నేను అందరికన్నా కాస్త గట్టిగా ఆమెన్ అన్నాను. ఆ సాక్ష్యం ఏటేటా సాగింది. అది వచ్చినప్పుడల్లా నాకు బెంచీమీద చీమలున్నట్టుండేది.

పీయూసీ పరీక్షల ముందు ఆ పాఠాన్ని అమ్మకు తెలుగులో చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"ఆ పిల్లోడు చెప్పేసింటే సరిపోతుండె," అంది. "అమ్మలేమన్నా పోలీసులా?"

కథలో రచయిత తల్లిని చంపేసి పిల్లవాడికి పని తగ్గించాడని అప్పుడర్థమైంది. నా తల్లి చాట ముందరే కూర్చునుంది. చెప్పేశాను.

ఆమె ఏరడం ఆపలేదు. ఒక రాయి తీసి పక్కన పెట్టి అడిగింది. "మరి మీ నాయన ఎట్ల వచ్చినాడు?"

"లారీ బాగైనాది. వచ్చినాడు."

"అంతేనా," అంది.

తిట్టి ఉంటే బాగుండేది. రెండు రోజులు అన్నం పెట్టడానికి తప్ప నాతో మాట్లాడలేదు.

ఆ ఏటి కోత పండుగకూ సొరకాయే తెచ్చింది. "ఎవరిది?" అన్నాడు పెద్దాయన. అమ్మ లేవలేదు. తలకూడా తిప్పలేదు. నేను లేచాను.

"ఏమని ప్రార్థన చేయమంటావప్పా?" అన్నారు అయ్యగారు.

ఏమీ అనుకుని రాలేదు. నాలుగేళ్లుగా నోట్లో ఉన్నది ఒకటే మాట.

"మా నాయన క్షేమంగా రావల్లని."

సంఘమంతా మా బెంచీవైపు తిరిగింది. నాయన అక్కడే, నాకూ అమ్మకూ మధ్య, ఇస్త్రీ చొక్కాలో కూర్చునున్నాడు.

"నేను యాడికి పోతినిరా?" అన్నాడు మెల్లగా.

అయ్యగారు ఒక్క క్షణం చూసి కళ్లు మూసుకున్నారు. అమ్మ అప్పటికే మూసుకుంది.