అక్క గొంతు పట్టిన జాగ

ఖాళీ కనిపిస్తే కొందరికి చేతులు ఊరుకోవు. బస్సులో పక్కసీటు ఖాళీగా ఉంటే సంచి పెడతారు, ఇంటి ముందు జానెడు జాగ ఉంటే మెట్టు కడతారు. కంప్యూటర్ డిస్కులో ఖాళీ ఉందని తెలిస్తే వాళ్లకు నిద్ర పట్టదు. అలాంటివాళ్లతో నాకు ఎన్నడూ పడలేదు. ఇంత వయసొచ్చినా ఇంకా ఆ కోపమేంది అని ఇంట్లోవాళ్లు అంటారు. ఏందో రాస్తున్నాను.

ఊరంతా కంప్యూటర్ కోర్సుల బోర్డులు మొలిచిన రోజులవి. కార్ఖానా బస్తీలో ఒక మిఠాయి దుకాణం పైన రెండు గదుల్లో మా రికార్డింగు లైబ్రరీ ఉండేది. చూపులేని పిల్లల కోసం పాఠ్యపుస్తకాలు పైకి చదివించి, రికార్డు చేసి, సీడీల మీదికి ఎక్కించి ఇచ్చేవాళ్లం. చదివేవాళ్లు ఎక్కువగా రిటైరైన పంతులమ్మలు. నేను రైల్వేలో గార్డుగా చేసి దిగినవాణ్ని, పదో తరగతి దాటనివాణ్ని. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన యూనిక్స్ పుస్తకం ఒకటి కొనుక్కుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని నేర్చుకున్నాను. ఎవరో దానమిచ్చిన పాత మిషన్‌లో ఆ యూనిక్స్ జాతిదే అయిన లినక్స్ వేశాను. రికార్డింగులన్నీ దాని డిస్కులోనే ఉండేవి. దాన్ని చూసుకోవడం నా పని.

మా సెక్రటరీ గారు విజయనగరం వైపు మనిషి. ఇక్కడే పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. మంచివారు, అది ముందే చెప్పాలి. ఇంట్లో విండోస్ కంప్యూటర్ ఉంది. ఆదివారం పూట చెదిరిన ఫైళ్లను సర్దే డీఫ్రాగ్ నడిపిస్తూ, తెర మీద రంగు గడులు ఒక్కొక్కటీ సర్దుకుంటుంటే కాఫీ తాగుతూ చూడటం ఆయనకు సరదా.

"మీ దాంట్లో ఆ గడులు లేవేటండీ?" అని అడిగారు ఒకసారి.

"అక్కర లేదు సార్. చెదిరినంక ఏరుకునుడు కాదు, చెదరకుండ పెట్టుడే దీని పని."

"సరే, మరి డిస్కులో ఈ అయిదు శాతం ఎందుకండీ పక్కన పెట్టేసింది? డిస్కు నిండిపోయిందంటుంది. చూస్తే ఇంకా మిగులుంది కదా."

నాకు తెలిసిన భాషలో చెప్పాను. జనరల్ బోగీలో అక్కడొక సీటు, ఇక్కడొక సీటు మిగిలాయనుకోండి. అయిదుగురున్న కుటుంబం ఎక్కితే తండ్రి ఈ చివర, పిల్లలు ఆ చివర కూర్చోవాలి. వాళ్లను ఒకచోట చేర్చాలంటే బోగీ అంతా తిరగాలి. ఫైలు ముక్కలైపోవడమంటే అదే. యూనిక్స్ తెలివేమిటంటే, ఒక్కో కుటుంబం పక్కన నాలుగు సీట్లు వదిలి కూర్చోబెడుతుంది, వెనక వచ్చే వాళ్లమనిషి పక్కనే కూర్చోవచ్చని. కానీ బోగీ నిండుతున్నకొద్దీ ఏ తెలివీ పనిచేయదు. అందుకే కొంత జాగ మొదటే పక్కన పెట్టుకుంటుంది.

"ఎమర్జెన్సీ కోటా లెక్క సార్," అన్నాను.

"కోటా బెర్తులకు ఎవరూ రాకపోతే వెయిటింగ్ లిస్టు వాళ్లకే ఇచ్చేస్తారు కదండీ, గార్డు గారూ?" అని ఆయన నవ్వారు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. కమిటీలో తీర్మానమైంది. ఆ అయిదు శాతం తీసేశాం. పంతులమ్మలు సంతోషంగా దాన్నీ నింపేశారు.

మా అక్క అక్కడే చదివేది. మౌలాలిలో ఉండేది, రెండు బస్సులు మారి వచ్చేది. బడిలో జాగ్రఫీ చెప్పీ చెప్పీ ఆ గొంతుకు ఒక నడక వచ్చింది. పిల్లలు ఆమె సీడీలే కావాలని అడిగి తీసుకునేవారు. ఆ ఏడు ఆమెకు గొంతు బొంగురు పోయింది. మొదట జలుబన్నారు. తర్వాత డాక్టర్లు ముఖాలు దించుకుని మాట్లాడటం మొదలుపెట్టారు. స్వరపేటిక తీసేయాలన్నారు. తీస్తే మనిషి బతుకుతుంది, మాట ఉండదు.

అక్క ఏడవలేదు. "ఇంటర్ జాగ్రఫీ సగంల ఉన్నది. అది అయినంకనే," అన్నది.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. కొత్త ఫైలు మొదలుపెట్టిన ప్రతిసారీ పుస్తకం పేరు, పాఠం, పేజీ, చదివేవారి పేరు అన్నీ చదివి తర్వాతే పాఠంలోకి పోవాలి. పిల్లలకు అదే అట్ట. అక్కకు ఒక్కొక్క మాటా ఖరీదైన రోజులవి. అందుకని ఆమె ఫైలు మూసేది కాదు. అలసిపోతే నేను రికార్డింగును ఆపి ఉంచేవాణ్ని, మర్నాడు వచ్చి అక్కణ్నుంచే అందుకునేది. పుస్తకమంతా ఒక్కటే ఫైలైంది. మూసిన తర్వాతే దానికి పేరు పెట్టాలి, సీడీ కాపీ తీయాలి. అదీ పద్ధతే.

చివరి పాఠం అయింది. ఇక మిగిలింది "పుస్తకం సమాప్తం, చదివినది ఫలానా" అనే ఒక్క వాక్యం. గొంతు పూర్తిగా పట్టేసింది.

"రేపు పొద్దున చెప్త తమ్మి. ఆ ఒక్కటి మంచిగ చెప్పాలె," అన్నది.

ఆ పొద్దున ఆసుపత్రిలో మంచం ఖాళీ అయిందని కబురొచ్చింది. అటే వెళ్లిపోయాం.

మేమక్కడ ఉండగా ఇక్కడ డిస్కు నిండింది. కెమిస్ట్రీ చదివే మేడం రికార్డింగు పట్టడం లేదు. సెక్రటరీ గారు వెతికితే పుస్తకం పేరు లేని పెద్ద ఫైలొకటి కనిపించింది. చెత్త అనుకుని కొట్టేశారు. అయినా జాగ రాలేదు.

రాదు. యూనిక్స్‌లో కొట్టేస్తే పోయేది పేరే. ఏదో ఒక ప్రోగ్రాం ఆ ఫైలును తెరిచి పట్టుకుని ఉన్నంతసేపు లోపలిది లోపలే ఉంటుంది. జాబితాలో కనిపించదు, జాగ మాత్రం వదలదు. ఆపి ఉంచిన రికార్డింగు మా అక్క గొంతును ఇంకా పట్టుకునే ఉంది. ఆ గడియలో నాకొక్క ఫోను వచ్చినా పేరు లేకుండానే దాన్ని బయటికి తీసి పెట్టుకునేవాణ్ని.

విండోస్ అలవాటున్న మనిషి ఏం చేస్తాడో ఆయనా అదే చేశారు. మిషన్ రీస్టార్ట్ చేశారు. దాంతో ఆ పట్టు వదిలిపోయింది.

సాయంత్రం పళ్లు తీసుకుని ఆసుపత్రికి వచ్చారు. అక్క అప్పటికి మత్తులో ఉంది. వరండాలో నా భుజం మీద చెయ్యి వేసి, "మీరేం దిగులు పడకండి. అక్కడ పని ఆగలేదు. రీస్టార్ట్ చేసేసరికి బోలెడు ఖాళీ వచ్చేసిందండీ," అన్నారు.

ఆ ఖాళీ ఎంతో అడిగాను. చెప్పారు. అక్క పుస్తకమంత ఖాళీ అది. అది ఎవరి గొంతో చెబితే ఆయన పళ్ల సంచి బెంచీ మీద పెట్టి పక్కకు జరిగారు. అక్కడే ఉంటే ఏమనేవాణ్నో.

ఆటోలో కార్ఖానాకు పోయి మిషన్ ఆపేశాను. అప్పటికే మేడం ఒక పాఠం చదివేసింది. విడుదలైన జాగలో ఆమె గొంతు కొంత పడింది. పడినచోట అక్క లేదు. మిగతా చోట్ల ఉంది కానీ, ఏ ముక్క తర్వాత ఏ ముక్కో చెప్పే ఆనవాలు చెరిగిపోయింది. బోగీ ముందే కిక్కిరిసి ఉన్నప్పుడు ఎక్కిన ఫైలు కదా, ఎక్కడ సందు దొరికితే అక్కడ ముక్కముక్కలుగా కూర్చుంది. ఆ అయిదు శాతం ఉండి ఉంటే ఇంత చెదిరేది కాదు. కనీసం పాఠానికి పాఠం ఒకచోట దొరికేది. నా కోపం అదీ.

ఆ డిస్కును ఇంటికి తెచ్చుకుని, మొదటి నుంచి చివరి దాకా హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. "గోదావరి నాసిక్ సమీపంలో పుట్టి," అని అక్క అంటుంది. వెంటనే మేడం గొంతు ఆమ్లాలూ క్షారాలూ అంటుంది. ఎక్కడో చాలా దూరాన మళ్లీ అక్క, "ధర్మపురి మీదుగా" అంటుంది. దొరికిన ముక్కలన్నీ వేరే డిస్కులోకి ఎత్తి పెట్టాను. వరస నాకు తెలియలేదు.

అక్క ఇంటికి వచ్చింది. మెడ దగ్గర చిల్లు, దాని మీద గుడ్డ, ఒళ్లో పలక. మొదట రాసింది, "పుస్తకం అయిందా?"

చెప్పాను. అంతా విన్నది. పలక పక్కన పెట్టింది. తర్వాత హెడ్‌ఫోన్లు అడిగింది.

ఆమెకు పుస్తకం చూడాల్సిన పనే లేదు. ఒక్కో ముక్క వినడం, రాయడం. "బాసర ముందు." "ఇది కృష్ణ, గోదావరి కాదు." ఒక్కోసారి కళ్లు మూసుకుని పెదవులు కదిపేది, మాట రాదు, చెవిలో మాత్రం తన మాటే. నేను అటు చూడలేక తెర వంక చూసేవాణ్ని. అలా నదులన్నీ మళ్లీ కట్టాం. గోదావరి భద్రాచలం దాకా వచ్చింది. అక్కణ్నుంచి సముద్రం దాకా లేదు.

"అక్కడ ఖాళీ వదిలేస్త అక్కా. నీ గొంతుల ఇంకెవరినీ కలపను," అన్నాను.

పలక తుడిచి రాసింది. "పిల్లలకు పరీక్ష. మేడంతో చదివించు."

మేడం ఏడ్చుకుంటూనే వచ్చి చదివింది. చివరి వాక్యం కూడా ఆమే చెప్పింది, చదివినవారు ఇద్దరని. పిల్లలు ఆ సీడీయే విని పరీక్షలు రాశారు.

ఏ పాఠానికీ చెందని ముక్క ఒకటి మిగిలింది. అందులో కుర్చీ కిర్రుమంటుంది. "జెర ఆగు తమ్మి, నీళ్లు తాగుత. ఎటు పోకు," అంటుంది అక్క. గుటక వినిపిస్తుంది. అంతే.

అక్క అది రెండుసార్లు విన్నది. "ఇది పాఠం కాదు. తీసెయ్," అని రాసింది.

"తీసేసిన అక్కా," అన్నాను. ఆమె నా ముఖం చూసి, పలక తుడిచేసుకుంది.

అక్క పోయి చాలా ఏళ్లయింది. మిషన్ మార్చినప్పుడల్లా ఆ ముక్కను నేనే స్వయంగా కొత్తదానిలోకి ఎక్కిస్తాను. పక్కన పెట్టిన అయిదు శాతాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వను. మనవలు నవ్వుతారు, ఈ కాలం డిస్కులకు అదేం అక్కర లేదు తాతా అని. ఉండనీయండిరా అంటాను.