వియెనో తీగబుట్ట

వియెనో గురించి చెప్పాలంటే ముందు నాకు ఒళ్ళు మండుతుంది. ఆమె మీద కాదు. మా ఊరి మీద, నా మీద.

డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. భర్త పోయి ఇరవై ఏళ్ళయింది. సరస్సు ఒడ్డున ఎర్రరంగు చెక్క ఇల్లు, దాని వెనక ఆవిరిస్నానం గది, ఒక తెడ్ల పడవ, ఇదీ ఆమె ఆస్తి. చదువు తక్కువ, మాటలు ఇంకా తక్కువ. కానీ పైక్ అనే కోరపళ్ళ వేటచేప ఏ పూట ఎక్కడ నక్కి ఉంటుందో ఆమెకి తెలిసినంత మా సావో ప్రాంతంలో ఇంకెవరికీ తెలియదు. కాదనేవాళ్ళుంటే రండి, నేను వాదిస్తాను.

చలికాలంలో మంచుగడ్డకి కన్నం వేసి, బతికున్న చిన్న చేపని గాలానికి గుచ్చి, కన్నానికి అడ్డంగా పెట్టిన కొమ్మకి కట్టి వదిలేది. ఎండాకాలం పడవ వెనక చేపపిల్లలా తళతళలాడే గాలపు రేకుని లాగుతూ తెడ్డు వేసేది. దారం చివర ఉక్కుతీగ కట్టకుండా వెళ్ళి నేను మంచి రేకు పోగొట్టుకున్నప్పుడు, "దాని నోట్లో ఉన్నవి పళ్ళు కావా, పూసలా?" అని తిట్టింది ఆమే. అయితే ఆమె అసలు విద్య వసంతంలో చూడాలి. మంచు కరగ్గానే పైక్ చేపలు గుడ్లు పెట్టడానికి రెల్లులోకి, మోకాలి లోతు నీళ్ళలోకి వస్తాయి. రెల్లు మధ్య సందు చూసి వియెనో, ఇనపతీగ వలతో తానే అల్లుకున్న తీగబుట్ట దించేది. దాని నోరు లోపలికి పోనుపోను సన్నబడుతుంది. ఎర అక్కర్లేదు. చేప తనంతట తానే దూరుతుంది, మళ్ళీ బయటికి దారి దొరకదు.

ఆ బుట్టలో చేపకి చిన్న గాయం కూడా కాదు. తెడ్డు మీద ఆమె ఒక గీత గీసుకుంది. బుట్ట పక్కన తెడ్డు ఆనించి చూసేది. గీత దాటిన చేప గుడ్లతల్లి అని లెక్క, దాన్ని నీళ్ళలోనే బుట్ట వంచి సాగనంపేది. మధ్యరకం చేపలే ఇంటికి వచ్చేవి. ముళ్ళ చేప మాకొద్దని మూతి తిప్పేవాళ్ళకి రెండుసార్లు రుబ్బి, ఉండలు చేసి, వెన్నలో వేయించి పెట్టేది.

మా సరస్సులో నీళ్ళు ఊరందరివీ. ఒడ్డున భూమి ఉన్న వాళ్ళందరం ఒక సంఘం. దానికి అధ్యక్షుడు రైమో. ఈ పెద్దమనిషి చేపలు గుడ్లు పెట్టే ఆ రెల్లు మూల పక్కనే నాలుగు విడిది ఇళ్ళు కట్టాడు. హెల్సింకి నుంచి సరదాకి గాలం వేసేవాళ్ళు వచ్చి దిగుతారు. వాళ్ళకి పెద్ద పైక్ కావాలి. తినడానికి కాదు, ఎత్తి పట్టుకుని ఫొటో దిగి వదిలెయ్యడానికి.

పోయిన ఏడాది మార్చి సమావేశంలో రైమో లేచి, "రెల్లు మూలలో తీగబుట్టలు నిషేధిద్దాం. పెద్ద చేపలు తగ్గిపోతున్నాయి," అన్నాడు.

ఊళ్ళో ఇంకా బుట్ట వేసేది వియెనో ఒక్కతే. చేప గొంతులోకి మూడు కొక్కేల గాలం దించేవాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకుని, ఒక్క తల్లిచేపని కూడా చంపని మనిషి మీద నేరం మోపాడు!

వియెనో నోరు విప్పలేదు. తన లాభం కోసం మనిషి తానే లేచి మాట్లాడటం మాలో సిగ్గుచేటు. పక్కవాళ్ళు మాట్లాడాలి. ఈ సంగతి గదిలో ఉన్న పదిహేడుమందికీ తెలుసు, రైమోకి అందరికంటే బాగా తెలుసు. ఆమె చేతి చేప ఉండలు తినని నోరు అక్కడ ఒక్కటి లేదు. అయినా అందరం కాఫీ కప్పుల్లోకి చూస్తూ కూచున్నాం. "బుట్టలో చేప చావదు, మీ గాలాలకే చస్తుంది" అన్న ముక్క నా నాలుక చివర ఉంది. పాత పోస్టుమాస్టరు హన్నెస్ అంటాడులే అనుకున్నాను. నేను అంటానని హన్నెస్ అనుకున్నాడట.

"వ్యతిరేకించేవాళ్ళు?" రైమో ఒకసారి చుట్టూ చూసి బల్ల మీద సుత్తి కొట్టాడు. "ఎవరూ లేరు. ఆమోదం."

బయటికి రాగానే అందరికీ మాటలు వచ్చేశాయి. ఆమె చుట్టూ చేరి అన్యాయం, ఘోరం అన్నారు. నేనూ అన్నాను, "మాట్లాడదామనే అనుకున్నానక్కా."

"అనుకున్నావ్. బుట్టలో పడ్డ పైక్ కూడా బయటికి పోదామనే అనుకుంటుందిరా ఒయివా," అని ఆమె టోపీ చెవుల మీదకి లాక్కుని వెళ్ళిపోయింది.

ఆ వసంతంలో రెల్లు మూల నిండా రైమో అతిథులే. మే నెలలో ఒక పొద్దున, మీటరు పొడుగున్న తల్లిచేప తెల్లటి పొట్ట పైకి తేలి కనిపించింది. దవడ చీలిపోయింది, పొట్ట నిండా గుడ్లు. దాన్ని తీసుకెళ్ళి రైమో ముందు పడేశాను.

"ఇదిగో, మీవాళ్ళు వదిలిపెట్టిన చేప."

"ప్రకృతిలో ఇలాంటివి మామూలే ఒయివా."

"ప్రకృతికి మూడు కొక్కేలుంటాయా?"

"సమావేశంలో చెప్పాల్సింది," అన్నాడు, నవ్వుతూనే. చెంప మీద కొట్టినట్టయింది. వాడు అన్నది నిజం కాబట్టి ఇంకా మండింది.

ఈ మార్చిలో రైమో ఇంకా కూర్చోకముందే నేను లేచాను. పోయినేడు నాలుక చివరే ఆగిపోయిన ముక్క చెప్పేశాను. హన్నెస్ చెయ్యెత్తాడు. ఆ తర్వాత చేతులన్నీ లేచాయి. నిషేధం పోయింది. ఇంత తేలికా అని నాకే ఆశ్చర్యం, ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం.

నేరుగా వియెనో ఇంటికి పరిగెత్తాను. ఆమె పెరట్లో మంచులో మోకాళ్ళ మీద కూచుని, ఆపిల్ మొక్క కాండానికి తీగవల చుడుతోంది.

"అక్కా, నిషేధం ఎత్తేశారు! నేనే లేచి మాట్లాడాను!"

"మంచిది."

అప్పుడు గుర్తుపట్టాను ఆ వలని. "బుట్ట విప్పేశావా?"

"ఊరికే పడుంటే ఏం చెయ్యను? కుందేళ్ళు బెరడు కొరికేస్తున్నాయి."

"కొత్తది అల్లుకోవచ్చులే."

చేతితొడుగు తీసి చూపించింది. కణుపులన్నీ వాచి, వేళ్ళు వంకర తిరిగి ఉన్నాయి. "పాతది ఎత్తడం దించడం వరకూ వచ్చేదిరా. అల్లేది మాత్రం ఈ వేళ్ళు కాదు."

నేనూ ఆమె పక్కన మంచులో కూలబడ్డాను.

"ఎంతసేపు పట్టిందిరా, ఆ మాట చెప్పడానికి?" అంది.

"అర నిమిషం ఉంటుందేమో."

"అర నిమిషం," అంది ఆమె. వల రెండో కొస నా చేతిలో పెట్టి, కదపకుండా పట్టుకోమంది.