కడిగిన ఉప్పు

హాలియా దగ్గర పల్లెలో ఉంటున్న మా చెల్లెలు సత్తెమ్మ ఫోన్ చేయడంతో ఈ ప్రయాణం మొదలైంది. "అక్కా, కోడలికి మూడో నెల. గొంతు కాడ వాపొచ్చింది. ఏం ఉప్పు తింటున్నరని డాక్టరు నన్ను కోపం జేస్తుండు. నువ్వు చెప్పిన ఉప్పే తింటున్నమని జర వచ్చి చెప్పు" అంది. అంగన్‌వాడీ టీచరుగా బతుకంతా గర్భిణులకు అయోడిన్ ఉప్పు పాఠం చెప్పి రిటైరైనదాన్ని. మా ఇంటి మనిషిని ఉప్పు గురించి ఒకరు మాటంటే ఊరుకుంటానా? మర్నాడే సంచి సర్దాను.

ఉదయం ఆరుంబావుకు మహబూబ్‌నగర్ బస్టాండులో కల్వకుర్తి మీదుగా దేవరకొండ పోయే బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే సున్నా టికెట్. ఆ కార్డు మీద ఫొటో చూసి కండక్టరు "గిది నువ్వేనా అమ్మా?" అన్నాడు. "అప్పట్ల నేనే" అన్నాను. పది దాటాక దేవరకొండలో దిగి నాలుగు ఇడ్లీలు తిన్నాను. ఈ దారిన వెళ్లేవాళ్లు అక్కడే కడుపు నింపుకోవడం మంచిది, తర్వాత బస్సు తీరికగా ఆగే చోటు లేదు.

హాలియా బస్సులో నా పక్కన కూతురి ఇంటికి వెళ్తున్న ఒక ముస్లిం పెద్దావిడ కూర్చుంది. మాటల్లో మా చెల్లెలి మనవరాలు, ఈ కోడలి పెద్ద కూతురు మల్లిక సంగతి వచ్చింది. ఆరేళ్ల పిల్ల. నడక ఆలస్యంగా వచ్చింది, మాట రానేలేదు. ఆవిడ నా చేయి పట్టుకుని "నల్లగొండ నీళ్లమ్మా. జహరంత, ఇసమంత నీళ్లల్లనే ఉన్నది" అంది. నేనూ తలూపాను. ఆరేళ్లుగా నేనూ అదే మాట అంటున్నాను. ఈ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్లు చేసిన చెరుపు తక్కువేం కాదు గానీ, ఎవరికి ఏ కష్టం వచ్చినా ఆ నీళ్ల మీదికే నెట్టేయడం మాకందరికీ అలవాటైంది.

హాలియాలో దిగి, ఆటోలో యాసంగి వరికోతల దుమ్ములోంచి ఊరు చేరేసరికి పన్నెండున్నర. మల్లిక ఎదురొచ్చి నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. కోడలు స్వరూప నీళ్లిచ్చింది. కొంగు గొంతు దాకా లాక్కుని వాపును దాచుకుంటోంది.

అన్నం తిన్నాక సత్తెమ్మ దొడ్డుప్పు, అదే కల్లుప్పు, ప్యాకెట్ తెచ్చి నా ముందు పెట్టింది. "ఇగో, నవ్వే సూర్యుని బొమ్మ, అయోడిన్ గుర్తు. నువ్వు చెప్పినట్టు బొమ్మ జూసే కొంటున్న" అంది. నా సంచిలో మా వాడ ఆశా కార్యకర్త ఇచ్చిన పరీక్ష సీసా ఉంది. ఉప్పు మీద చుక్క వేస్తే, అయోడిన్ ఉంటే నీలం రంగు తేలుతుంది. వేశాను. నేరేడు పండు రసంలా చిక్కగా తేలింది. "సూసినవా! ఆ డాక్టరుకు జూపెడదాం పా" అని సత్తెమ్మ లేచి నిలబడింది.

అంతటితో ఊరుకుంటే పోయేదేమో. కూరలో పడేది ఇది కాదు కదా అని వంటింట్లోకి వెళ్లి జాడీలోంచి చిటికెడు తెచ్చాను. చుక్క వేశాను. రంగు రాలేదు. ఇంకో చుక్క వేశాను. తెల్లగానే ఉంది.

"ఇది వేరే ఉప్పా సత్తెమ్మా?"

"గదే అక్కా. ప్యాకెట్ కోసి, మూడు నీళ్లల్ల కడిగి, మిద్దె మీద ఎండబోసి జాడీల పోస్త. మట్టి గిట్ట ఉంటది గద. నువ్వు నేర్పిందే."

అవును, నేను నేర్పిందే. అమ్మ పోయినప్పుడు సత్తెమ్మకు తొమ్మిదేళ్లు. అప్పట్లో బండి మీద గోనెసంచుల్లో వచ్చే ఉప్పు నిండా మన్నే. కడగందే కూరలో వేయొద్దని చెవి మెలేసి మరీ చెప్పాను. నేను మెత్తటి ఉప్పుకు మారి ఏళ్లవుతోంది, కడిగే సంగతే మరిచిపోయాను. ఏ ఉప్పు కొనాలో ఊరందరికీ చెప్పాను గానీ, కొన్నాక ఏం చేస్తున్నారని ఒక్కరినీ అడగలేదు.

"అయోడిన్ ఉప్పు రాళ్ల మీద పైపైనే ఉంటది. కడిగితే నీళ్లతోని పోతది" అన్నాను. సత్తెమ్మ కూర్చుండిపోయింది. గడపలో నిలబడి అంతా విన్న స్వరూప "పెద్దత్తమ్మా, మరి గీ బిడ్డకు?" అని పొట్ట మీద చేయి వేసుకుంది. కడుపుతో ఉన్న తల్లికి అయోడిన్ చాలకపోతే బిడ్డకు నడక, మాట వెనకబడతాయన్నది నేను చెప్పిన పాఠంలోదే.

నాలుగింటికి ముగ్గురం మల్లికను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన కోపం చేయలేదు. థైరాయిడ్ మాత్రలు ఒక్క రోజూ మానొద్దన్నాడు, కడగని ఉప్పును మూత గట్టిగా పెట్టి వాడమన్నాడు, నెలలోపు మళ్లీ రక్తపరీక్షకు రమ్మన్నాడు. "తొందరగానే వచ్చారు, ఆశ ఉంది" అన్నాడు. స్వరూప వదల్లేదు. "మరి పెద్దపిల్లకు గూడ గిందుకేనా సార్?"

ఆయన మల్లికను దగ్గరికి పిలిచి మెడ తడిమి చూశాడు. "పుట్టినప్పుడు పరీక్ష చేయించలేదు కాబట్టి ఇప్పుడు చెప్పలేనమ్మా. నల్లగొండ తీసుకెళ్లి పరీక్షలు చేయించండి" అన్నాడు.

మర్నాడు ఏడింటికి ఆటో కోసం నిలబడ్డప్పుడు సత్తెమ్మ అడిగింది. "ఆరేండ్లు నీళ్లను తిట్టిన. నా చేతులతోనే కడిగిన గదక్కా. నిజం చెప్పు, మల్లికకు నా వల్లనేనా?" "డాక్టరే తెల్వదన్నడు గద" అన్నాను. ఆటో వచ్చింది, ఎక్కేశాను.

తిరుగు ప్రయాణంలో దారి పొడవునా ఆ జవాబే నన్ను తినేసింది. అబద్ధం కాదు, అయినా దొంగమాటే. ఈ రెండు రోజుల్లో నేను చూసిన ఊళ్ల కంటే మా చెల్లెలి ఉప్పు జాడీ ఎక్కువ గుర్తుంది. మీరూ ఎవరింటికైనా వెళ్తే ఏ ఉప్పని మాత్రమే అడక్కండి, అది కూరలోకి ఎలా వెళ్తుందో చూడండి. అంతకు మించి చెప్పే అర్హత నాకు లేదు.

కల్వకుర్తిలో బస్సు పది నిమిషాలు ఆగింది. ఫోన్ చేశాను. "సత్తెమ్మా, నీ వల్ల కాదు. కడుగుడు నేర్పింది నేను" అన్నాను.

"నాకెరికే అక్కా. ఆటో ఎక్కేటప్పుడు నువ్వే అంటవేమో అని జూసిన" అంది. తర్వాత "పిల్లతోని మాట్లాడు" అని ఫోన్ మల్లిక చెవికి ఆనించింది. అటు నుంచి ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. బస్సు కదిలింది. జడ్చర్ల దాకా నేను ఒక్కదాన్నే మాట్లాడుతూ పోయాను.