నానమ్మ ముద్ర వేసిన ఈగల సీసా

నా చిన్నప్పుడు మా ఇంట్లో తరతరాలుగా వస్తున్న ఆస్తి ఏదైనా ఉందంటే అది అనుమానమే. సంగారెడ్డి బజారులో మాది ధాన్యం దుకాణం. మా నానమ్మ పాలు పోసే మనిషిని నమ్మేది కాదు, పాలనూ నమ్మేది కాదు. ఎవరైనా ఊరికే నవ్వి పలకరిస్తే, వీళ్లకు ఏం కావాలో ఏమోనని గొణిగేది. ఆ గుణం నాకూ పుట్టుకతోనే వచ్చింది. మా కోడళ్లు నా వెనకాల అదే మాట అనుకుంటారని నా అనుమానం.

దుకాణంలో నానమ్మది ఒకటే సూత్రం. రైతు తెచ్చిన పచ్చజొన్నల్లో తెల్లగింజలు కనబడితే, ఎవరో బయటివి కలిపారన్నట్టే. బేరం అక్కడితో ఆగిపోయేది. ఆ సూత్రాన్ని ఆమె మనుషులకు కూడా పెట్టడంతో మా ఇంట్లో చిచ్చు రేగింది.

అవి పటాన్‌చెరు వైపు బొంబాయి రోడ్డు పక్కన కొత్త ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులు. ఉత్తరాది నుంచి వచ్చిన ఒక ఇంజనీరుకు మా ముందుగది కిరాయికిచ్చారు. ఆయనవి పిల్లికళ్లు. కొన్నాళ్లుండి బదిలీ మీద వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, కాన్పుకని పటాన్‌చెరులో తల్లిగారింటికి వెళ్లింది. కొడుకు పుట్టాడు. మూడో నెలలో తల్లీబిడ్డలను తీసుకురావడానికి వెళ్లిన నానమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. పిల్లవాడివి పిల్లికళ్లు.

"మనింట్ల అందరివి నల్లకండ్లే. వాళ్లింట్ల గూడ నల్లకండ్లే. మరి గా కండ్లు ఏడికెల్లి వచ్చినయ్?" అంది. చిన్నాయన తల వంచుకుని కూర్చున్నాడు. భార్యను తెచ్చుకుంటానని అనలేదు, తెచ్చుకోనని కూడా అనలేదు. నాకు రోజూ జడ వేసే చిన్నమ్మ ఇక రాదని తలుచుకుంటే ఏడుపొచ్చేది. అయితే నాకు అనుమానం వచ్చింది చిన్నమ్మ మీద కాదు, నానమ్మ మీద. అబద్ధమాడేవాడు తూకం వంకా మనిషి వంకా చూడకుండా మాట్లాడతాడని ఆమే నాకు నేర్పింది. ఆ మాట అన్నప్పుడు ఆమె మాలో ఎవరి ముఖమూ చూడలేదు.

అప్పటికి ముందుగదిలోకి మా బడి సైన్సు టీచరమ్మ దిగింది. ఆదివారం చర్చికి వెళ్లేది, మిగతా రోజులు సాయంత్రాలు ఈగలతో గడిపేది. అరటిపండ్ల మీద ముసిరే సన్నటి ఈగలు. తాను చదువుకున్న కాలేజీ నుంచి తెచ్చుకుందట. కిటికీలో సీసాల వరస పెట్టి, రవ్వా బెల్లం ఉడికించి వాటికి తిండి పెట్టేది. మా జిల్లాలో ఆ రోజుల్లో ఎవరికి కడుపులో నొప్పి లేచినా ఎవరో బాణామతి, అంటే చేతబడి, చేశారనేవారు. ఈగలకు వండిపెట్టే మనిషిని నానమ్మ ఊరుకుంటుందా? గది ఖాళీ చేయమనడానికి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను.

టీచరమ్మ అంతా విన్నది. మా ఇంటి సంగతి బజారంతటికీ తెలుసు కాబట్టి ఆమెకూ తెలుసు. ఒక సీసా తీసి, మొండి రెక్కలతో పాకే ఈగలను చూపించింది. మొండి రెక్కలదాన్నీ మంచి రెక్కలదాన్నీ జత కడితే పిల్లలన్నిటికీ మంచి రెక్కలే వచ్చాయని, అవి ఈ రెండో సీసాలో ఉన్నాయని చెప్పింది. వీటి పిల్లలకు మాత్రం కొన్నిటికి మొండి రెక్కలు వస్తాయంది. నానమ్మ నవ్వింది. నువ్వే బయటివి తెచ్చి కలుపుతావంది.

"నా మాట నమ్మకుండ్రి అమ్మా. మీ ముద్రను నమ్ముండ్రి," అంది టీచరమ్మ.

ఆ ఒక్క మాటతో నానమ్మ చిక్కింది. భూతద్దం తెప్పించి, రెండో సీసాలోంచి కొత్త సీసాలోకి పోయే ఒక్కో ఈగ రెక్కలూ తానే చూసింది. అన్నీ మంచి రెక్కలవే. మూతికి బట్ట కట్టి, నమూనా సంచులకు వేసినట్టు ముడి మీద లక్క పోసి దుకాణం ముద్ర వేసింది. సీసాను తన మంచం పక్కనే పెట్టుకుంది. గుడ్లు పెట్టిన ఈగలను వదిలేయడానికి ఒకసారి తెరిచి, తన చేతులతోనే మళ్లీ ముద్ర వేసింది. పురుగులు పాకాయి, గూళ్లు కట్టాయి. మాలో ఎవరం దగ్గరికి పోయినా కసిరేది.

కొత్త ఈగలు బయటికొచ్చిన రోజు నానమ్మ ముద్రను పదేపదే తడిమి చూసింది. చెక్కు చెదరలేదు. లోపల రెక్కల ఈగలు ఎగురుతున్నాయి, వాటి మధ్య కొన్ని మొండివి గాజు మీద పాకుతున్నాయి. అసలు మొదటి మొండి రెక్క ఎక్కడిదని నానమ్మ అడిగింది. ఎత్తిరాసేటప్పుడు అక్షరం జారినట్టు ఎప్పుడో ఒంట్లోనే ఒక మార్పు జరిగిందని, ఎవరూ కలపలేదని టీచరమ్మ చెప్పింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చేరితేనే అది పైకి కనబడుతుందట, లేకపోతే తరాలకు తరాలు లోపలే దాగుంటుందట. మనుషుల కళ్ల సంగతి ఇంత తేలిక కాదు గానీ అదీ ఇట్లాగే దాగి వస్తుందని కూడా అంది.

నానమ్మ సీసాను మంచం పక్కన పెట్టింది. "మా చెల్లెవి గవే కండ్లు," అంది. "గది పుట్టినంక మా నాయిన మా అవ్వను ఇంట్లకు రానియ్యలే. నేను నాయిన తాననే పెరిగిన. అవ్వ తల్లిగారింట్లనే సచ్చిపోయింది." ఆ చెల్లెలి ఊసు అప్పటిదాకా మాలో ఎవరమూ వినలేదు. కోడలి కళంకం మాపబోతే తల్లి కళంకం బయటపడుతుందని ఆమె నోరు కట్టుకుంది. "అంటే మా అవ్వ తప్పు చెయ్యలేదన్నట్టా?" అని టీచరమ్మను అడిగింది. ముసలి మనిషి చిన్నపిల్లలా ముఖంలోకి చూస్తూ అడిగింది.

"ఈగలు సాక్ష్యం చెప్పవమ్మా. కండ్లు చూసి తప్పు పట్టొద్దని మాత్రం చెప్తయి."

మరునాడు నానమ్మ పటాన్‌చెరు బస్సెక్కింది. చిన్నాయననూ వెంట తీసుకెళ్లింది. సాయంత్రానికి పిల్లవాణ్ణి తానే ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. చిన్నమ్మ చాలాకాలం ఆమెతో ముభావంగానే ఉంది. అది న్యాయమే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటాను.

అనుమానం నన్ను వదిలిపెట్టలేదు, ఈ వయసులో ఇక వదలదు. కానీ ఎవరి మీదికైనా నా వేలు లేవబోతే నానమ్మ తల్లి నా ముందుకొస్తుంది. నేను ఆమెను చూడలేదు, ఆమె పేరు కూడా నాకు తెలియదు. చిన్నమ్మను మేం వెళ్లి తెచ్చుకున్నాం. ఆ తల్లి కోసం మాత్రం ఎవరూ వెళ్లలేదు.