ఎడారిలో నాలుగు ముద్దలు

ఇప్పుడంటే పాప తుమ్మితే చాలు థర్మామీటర్ కోసం పరిగెడుతున్నాను గానీ, అప్పట్లో నాకున్న భయం ఒక్కటే: పెద్దవాళ్ళకి ‘కుదరదు’ అని చెప్పాల్సి రావడం. సిడ్నీలో యూనివర్సిటీ చదువు అప్పుడే ముగిసింది. నాన్నగారి స్నేహితుడొకాయన (మేమందరం టూర్ అంకుల్ అనేవాళ్ళం) ఇక్కడి తెలుగువాళ్ళని గుజరాత్‌లోని కచ్ ఎడారి చూపించడానికి తీసుకెళ్తూ, నన్ను సాయంగా పెట్టుకున్నారు. “ఒక్క కంప్లైంట్ కూడా రాకపోతే జాబ్ పర్మనెంట్ అమ్మా. వచ్చిందా, నీ దారి నీదే,” అని ఎయిర్‌పోర్టులోనే చెప్పేశారు. ఆఫీసులో కంప్యూటర్ ముందు కాకుండా ఊళ్ళు తిరుగుతూ బతకాలని నాకు మహా కోరిక. కాబట్టి ఎవరేం అడిగినా నవ్వుతూ తలూపాలని ఒట్టు పెట్టుకున్నాను.

కచ్ అందరికీ తెగ నచ్చింది. కనుచూపుమేర తెల్లటి ఉప్పునేల, గోడలకి అద్దాలు పొదిగిన గుండ్రటి మట్టి ఇళ్ళు, మాటల్లో పడి కూడా సూది ఆపని ఆడవాళ్ళు. చిక్కంతా మా గుంపులో పెరుగు ఆంటీ అని పేరుపడ్డ ఒకావిడతోనే. “సజ్జరొట్టె, నెయ్యి, బెల్లం అన్నీ సూపర్ అమ్మా. కానీ చివర్లో పెరుగన్నం తినకపోతే అది భోజనమెలా అవుతుంది? నాలుగు ముద్దలు, అంతే,” అంటూ సూట్‌కేసు తెరిచారు. పట్టుచీరల మధ్య బుల్లి రైస్ కుక్కరు! (ఆస్ట్రేలియా ప్లగ్గుకి అడాప్టరు కూడా తెచ్చుకున్నారు. ఆవిడ ముందుచూపు అలాంటిది.)

ఆ సాయంత్రం మా గుడారాల ముందు జానపద గాయకుడి పాట. మైకుకీ రంగు బల్బులకీ కలిపి పాపం ఒకే ఒక్క ముసలి జనరేటరు. “మైకు పక్కన ప్లగ్ ఖాళీగా ఉన్నట్టుందే?” అన్నారు ఆంటీ. కుదరదనాలి. “ఉందాంటీ,” అన్నాను.

గాయకుడు రాగం పైకెత్తాడు. ఆంటీ స్విచ్ నొక్కారు. జనరేటరు రెండుసార్లు దగ్గి, ప్రాణం విడిచింది. అంతా చీకటి.

“ఎవరది? ఏం పెట్టారక్కడ?” అని టూర్ అంకుల్ కేక.

“నాలుగు ముద్దలే అన్నయ్యగారూ!” అని చీకట్లోంచి జవాబు.

నా ఉద్యోగం ఆ ఉప్పునేలలోనే కరిగిపోయిందనుకున్నాను. ఈలోగా గాయకుడు పెద్దగా నవ్వి, వేదిక దిగొచ్చి మా మధ్యన కూర్చుని, మైకు లేకుండానే పాట అందుకున్నాడు. అప్పుడు గానీ ఎవరూ తలెత్తి గమనించలేదు, పైన అన్ని చుక్కలున్నాయని. గుడారాల దగ్గర వంట చేసే ఆవిడ కుక్కరులోని గిన్నె పట్టుకెళ్ళి కట్టెల పొయ్యి మీద అన్నం వండి, కుండతో పెరుగు కూడా తెచ్చింది. అప్పటిదాకా ఆంటీని ఆటపట్టించిన అంకుల్సే ముందుగా చేతులు చాపారు. “నాక్కూడా ఒక్క ముద్ద, అక్కయ్యగారూ!” గాయకుడికి ఆంటీ తను తెచ్చుకున్న ఆవకాయ కలిపి ముద్ద పెడితే, కారానికి కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ చెయ్యి చాపాడు.

కంప్లైంట్ రాలేదు సరికదా, టూరు మొత్తానికి ఆ సాయంత్రమే హైలైట్ అన్నారు అందరూ. తర్వాతి టూరు నుంచి ‘చుక్కల కింద పాట, పెరుగన్నం’ టూరు కార్యక్రమాల్లో చేరింది. పర్మనెంట్ ఉద్యోగంలో నా మొదటి బాధ్యత ఏమిటంటారా? సరిగ్గా రాగం మధ్యలో జనరేటరు ఆపడం.

ఈ వారాంతం పాపతో మా మొదటి క్యాంపింగ్. దోమల క్రీము, మూడు దుప్పట్లు, ఒకటి పాడైతే ఇంకొకటని రెండు థర్మామీటర్లు సర్దాను. అవి చూసి మావారు నవ్వి, “అన్నీ ఆలోచించావు సరే, అక్కడ కరెంటు పోతే?” అన్నారు.

“పోతే పోనీండి, అప్పుడే బాగుంటుంది,” అనేశాను. ఆయన ఆశ్చర్యంగా చూశారు. నేనూ ఆశ్చర్యపోయాను. కుదరదనడం రాని ఆ పిల్ల ఇంకా నాలో ఎక్కడో ఉన్నట్టుంది, ఖాళీ ప్లగ్గు చూపిస్తూ.