రసమట్టం మామయ్య

మా మామయ్యకు ఈ లోకంలో ఒకే ఒక్క శత్రువు. దాని పేరు వాలు. అది నేలలో ఉన్నా, గోడ మీది పటంలో ఉన్నా, ఎదుటివాడి భుజాల్లో ఉన్నా ఆయన సహించలేకపోయేవాడు. తక్కిన మగవాళ్లు చొక్కా జేబులో కలం పెట్టుకునేచోట ఆయన రసమట్టం పెట్టుకునేవాడు. తాపీమేస్త్రీల దగ్గర, గాజుగొట్టంలో బుడగ అటూ ఇటూ కదులుతూ ఉంటుందే, అది. కలంతో అబద్ధం రాయవచ్చు గాని బుడగ అబద్ధం చెప్పదని ఆయన సిద్ధాంతం. చాలా సిద్ధాంతాల్లాగే ఇది కూడా పరీక్ష ఎదురయ్యేంతవరకు నిలబడింది.

నేను గుమస్తాగా ఉన్న కాలేజీలోనే ఆయన ట్రాక్టరు డ్రైవరు. భవనం ముందు పెళ్లివారి జంపఖానాలా పరుచుకున్న పచ్చిక ఒకటుంది. ట్రాక్టరు వెనక గడ్డికోత మిషను తగిలించి దాన్ని కోయడం ఆయన ఉద్యోగం. ఉద్యోగమని మేమనుకునేవాళ్లం. ఆయన మాత్రం తపస్సనుకునేవాడు.

కోత పూర్తయ్యాక ఆయన బోర్లా పడుకుని, చెంప నేలకానించి, ఒక కన్ను మూసి, గడ్డి కొసలన్నీ ఒక్క గీతలో ఉన్నాయో లేదో చూసేవాడు. కొత్తవాళ్లకు ఇది తెలియదు. ఒకసారి ఎవరో విద్యార్థి తండ్రి, పాపం డాక్టరు, పరుగున వచ్చి పక్కన కూలబడి మామయ్య చెయ్యి పట్టుకుని నాడి చూడడం మొదలుపెట్టాడు. మామయ్య మూసిన కన్ను తెరవకుండానే, కాస్త అవతలికి జరగమని, నీడ పడుతోందని చెప్పాడు. నాడి మాత్రం చాలా సమంగా కొట్టుకుంటోందని ఆ డాక్టరు తర్వాత నాతో అన్నాడు.

గడ్డి కోయడానికి కూడా ఒక శాస్త్రం ఉంటుందని నాకు ఆయన వల్లే తెలిసింది. మంచు ఆరేదాకా మిషను కదలకూడదు. తడిగడ్డి ముద్దలు కడుతుంది. బ్లేడు మొద్దుబారితే గడ్డిని కోయదు, పీకుతుంది. మర్నాటికి కొసలన్నీ ఎండి గోధుమరంగుకు తిరుగుతాయి. రెండు చక్రాల్లోనూ గాలి ఒక్కలాగే ఉండాలి. "ఇంజను ఉరకాలి, చక్రం నడవాలి" అనేవాడు. ఆ నడక ఎంత నిదానమంటే, ఓసారి కాలేజీ పిల్లి ట్రాక్టరుకు ముందు నడుస్తూ నడుస్తూ విసుగొచ్చి పక్కకు తప్పుకుంది.

ట్రాక్టరు మీద బరువు కూడా ఒకవైపు ఎక్కువ ఉండకూడదు. అందుకని ఎడమవైపు అన్నం డబ్బా, కుడివైపు నీళ్లసీసా కట్టుకునేవాడు. దాహమేసి సగం నీళ్లు తాగితే తూకం చెడుతుంది కాబట్టి, ఆకలి లేకపోయినా సగం అన్నం తినేసేవాడు. ఎండాకాలంలో మామయ్య ఒళ్లు చేయడానికి ఇదే కారణం.

ఇంట్లో మా అత్తయ్య ఆయనతో నోరు పెట్టుకుని పోట్లాడిన పాపాన పోలేదు. కోపమొస్తే గోడ మీది పటాలన్నిటినీ కాస్త కాస్త పక్కకు వంచి, వంటింట్లోకి వెళ్లి కూరగాయలు తరుక్కునేది. అవన్నీ సరిచేసి వచ్చేసరికి మామయ్యకు గొడవ దేని గురించో గుర్తుండేది కాదు.

ఇలా ఉండగా మా కాలేజీకి కొత్త డ్రైవరమ్మ వచ్చింది. అంతకుముందు పాలవ్యాను నడిపిన మనిషి. ఇంట్లో సంపాదించేది తనొక్కతే. మూడు నెలలు పని చూసి ఖాయం చేస్తామన్నారు. మామయ్య ఆవిడను శిష్యురాలిగా స్వీకరించి, సొంత డబ్బుతో ఒక రసమట్టం కొనిచ్చి, బుడగను నమ్మమని ఉపదేశించాడు. ఆవిడ అన్నీ శ్రద్ధగా నేర్చుకుంది గాని బోర్లా పడుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు.

"ఇంట్లో పడుకోవడానికే తీరిక లేదన్నయ్యా. ఇక్కడ కూడా పడుకుంటే జీతమెందుకిస్తున్నామని అడుగుతారు."

మూడు నెలలూ నిండేసరికి వార్షికోత్సవం వచ్చింది. ప్రిన్సిపాలుగారు ఏ విషయాన్నయినా పరీక్ష పెట్టి తేల్చే మనిషి. ఉత్సవానికి ముందురోజు పచ్చికలో ఎడమ సగం డ్రైవరమ్మ, కుడి సగం మామయ్య కోయాలన్నారు. సాయంత్రం మేడమీది నుంచి చూస్తారట. రెండు సగాలకూ తేడా కనబడకపోతే ఉద్యోగం ఖాయం, కనబడితే వేరే మనిషిని చూసుకుంటారట.

సరిగ్గా ఆ రోజు పొద్దున్నే మామయ్యకు పన్నునొప్పి వచ్చి బుగ్గ వాచింది. నొప్పికి ఆయన చలించలేదు. వాపు ఒకవైపే ఉండటం చూసి కుంగిపోయాడు. అద్దంలో చూసుకోలేక, మొహం మీద తువ్వాలు కప్పుకుని పళ్లడాక్టరు దగ్గరికి వెళ్లాడు.

ఇక్కడ డ్రైవరమ్మ మంచు ఆరనిచ్చింది. చక్రాల్లో గాలి చూసుకుంది. షెడ్డు నిండా ఉత్సవం కుర్చీలు సర్ది ఉండటంతో ట్రాక్టరును బయట రోడ్డువారన ఆపి, మిషను మీద రసమట్టం పెట్టింది. బుడగ ఓ పక్కకు పోయింది. మిషనును ట్రాక్టరుకు తగిలించే లింకుకున్న పిడి తిప్పి, బుడగ నట్టనడుమకు వచ్చేదాకా సరిచేసింది. గురువు చెప్పింది అక్షరాలా పాటించింది. ఒక్కటే లోపం: ఆవిడ ట్రాక్టరు ఆపిన రోడ్డువార వాలుగా ఉంది. వాలులో నిలబెట్టి మట్టం చేసిన మిషను, చదునుగా ఉన్న పచ్చిక మీదకు దిగగానే కుడివైపు ఒరిగింది. కూర్చున్న మనిషికి అది తెలియదు. వెళ్లేటప్పుడు ఒక పక్కనా, వచ్చేటప్పుడు రెండో పక్కనా గడ్డిని మొదలంటా గొరుగుతూ, ఎడమ సగాన్నంతా చారల దుప్పటి చేసి పెట్టింది.

మామయ్య నోట్లో దూది పెట్టుకుని వచ్చేసరికి మేమంతా పచ్చిక చుట్టూ చావుకబురు తెచ్చినవాళ్లలా నిలబడి ఉన్నాం. ఆవిడ అప్పటికే తప్పు ఎక్కడ జరిగిందో కనిపెట్టి, షెడ్డులోంచి కుర్చీలు బయటికి లాగి, చదునునేల మీద మిషనును సరిచేసి పెట్టింది. కానీ ఏం లాభం? కోసిన గడ్డిని అతికించలేం. పొడుగు చారల్ని కూడా పొట్టి చేద్దామంటే పచ్చిక మొత్తం అప్పుడే గుండు కొట్టించినట్టు పాలిపోతుంది. మిగిలిన సగం మామయ్య తన పద్ధతిలో కోశాడంటే, ఆవిడ సగం ఏదో ప్రిన్సిపాలుగారు కళ్లద్దాలు లేకుండానే చెప్పగలరు.

మామయ్య బోర్లా పడుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"తిట్టండన్నయ్యా" అంది డ్రైవరమ్మ. "అలా పడుకుని చూడకండి. తిట్టి లేవండి."

ఆయన లేచి, మట్టం చూసింది ఎక్కడని దూది వెనకనుంచి అడిగాడు. ఆవిడ రోడ్డువార చూపించింది. బుడగను నమ్మమన్నాను గాని, ముందు నేలను చూడమని చెప్పలేదు కదా అని ఆయన తనలో తాను గొణుక్కున్నాడు. తర్వాత ట్రాక్టరు వెనక్కి వెళ్లి, ఆవిడ కష్టపడి సరిచేసిన పిడిని పట్టుకున్నాడు.

"పొద్దున ఎంత తిప్పావమ్మా?"

ఆవిడ చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని అంతే తిప్పాడు. మిషను కుడివైపు ఒరిగింది. ఎక్కి కూర్చుని కుడి సగం కోయడం మొదలుపెట్టాడు. పొట్టి చార పక్కన పొడుగు చార, పొడుగు చార పక్కన పొట్టి చార, ఆవిడ చారలు ఆగినచోటే తన చారలు మొదలయ్యేలా, అతుకు కనబడకుండా కోసుకుంటూ పోయాడు. సొంత చేతులతో సొంత ఇల్లు కూలుస్తున్నవాడి మొహం ఎలా ఉంటుందో ఆ మధ్యాహ్నం చూశాను.

సాయంత్రం ప్రిన్సిపాలుగారు మేడ మీద నిలబడి అటునుంచి ఇటు, ఇటునుంచి అటు చూశారు. కింద డ్రైవరమ్మ చీరకొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఏమిటీ చారలు?"

"రెండు సగాలూ ఒక్కలాగే ఉన్నాయా లేదా చూడండి సార్" అన్నాడు మామయ్య.

ఆయన మళ్లీ చూశారు. తేడా ఉంటే గదా. లేత చార, ముదురు చార, లేత చార, ముదురు చార: పైనుంచి చూస్తే ఎవరో పనిగట్టుకుని నేసినట్టుంది. ప్రిన్సిపాలుగారి మొహం విచ్చుకుంది. ఇన్నేళ్లుగా ఒకే రంగు చూసి చూసి విసుగొచ్చిందని, ఈ ఆలోచన ఎవరిదని అడిగారు. మామయ్య డ్రైవరమ్మను చూపించాడు. ఆవిడ ఉద్యోగం అక్కడికక్కడే ఖాయమైంది. దాంతోపాటే, ఇకమీద ప్రతి వార్షికోత్సవానికీ ఇలాగే కోయాలని ఉత్తర్వు కూడా వెలువడింది. అది విన్నప్పుడు మామయ్య మొహంలో కలిగిన మార్పును ప్రిన్సిపాలుగారు చిరునవ్వు అనుకున్నారు. బుగ్గవాపు మర్యాద కాపాడింది.

ఇంటికి వెళ్తూ దారిలో, ప్రాణంలాంటి పచ్చికను అలా ఎలా చేయగలిగావని అడిగాను.

"సగం బాగుండి సగం పాడైతే, పాడైన సగం ఎవరిదని అడుగుతార్రా. అంతా ఒక్కలాగే ఉంటే ఎవరూ అడగరు" అన్నాడు. కాస్త ఆగి, వాచిన బుగ్గ తడుముకుంటూ, "ఎగుడుదిగుడు లేకపోవడమంటే గడ్డికేనా?" అన్నాడు.

అప్పటినుంచి ఏటా వార్షికోత్సవానికి ముందురోజు ఇద్దరూ ట్రాక్టరు దగ్గరికి వెళతారు. తన చేత్తో ఆ పిడి తిప్పడం ఆయన వల్ల కాదు. డ్రైవరమ్మకు అప్పగించి, వీపు తిప్పి నిలబడతాడు.

"అయిందా అమ్మా?"

"అయిందన్నయ్యా."

"ఎంత వంకర?"

"పోయినేడాది ఎంతో అంతే. వెంట్రుకవాసి తేడా లేదు."

అప్పుడుగాని ఆయన ఊపిరి పీల్చుకోడు.